పడవ కడిగినవారి పేరు

కృష్ణా నదిని కాలుష్యం నుంచి కాపాడే మహత్కార్యం ఈ ఏడాది నా పడవతో మొదలైంది. నదిలో కలిసే మిగతావాటి సంగతి క్రమేణా చూస్తారట. పంతొమ్మిది అడుగుల చెక్క పడవ, దాని మీద సిమెంటు సంచులు కుట్టి చేసిన తెరచాప, పక్కన నేను. నదికి ముప్పంతా మా ముగ్గురి దగ్గరే ఉన్నట్టు తేలింది.

వేదాద్రి రేవులో తెరచాపతో నడిచే పడవ ఇక నాదొక్కటే. మిగతావాళ్ళు ఇంజన్లు పెట్టించుకున్నారు. నేను పెట్టించుకోలేదు. సిద్ధాంతం కాదు, బద్ధకం. (ఈ మాట ముందు ముందు కూడా అవసరం పడుతుంది.)

పడవ నీళ్ళ మీద ఉండాలంటే ఏటా జగ్గయ్యపేటలోని పడవల యోగ్యతా విభాగం వారి సర్టిఫికెట్ ఉండాలి. వారి ఏడో నిబంధన ప్రకారం పడవ అడుగు చెక్కను తెల్లగుడ్డతో రుద్దితే గుడ్డ తెల్లగానే ఉండాలి. నెలాఖరులోగా ఆ పరీక్ష దాటని పడవకి నంబరు కొట్టేస్తారు. నంబరు లేని పడవను క్రేనుతో లేపి, కోసి, కట్టెల కింద వేలం వేస్తారు. (రంపం వాళ్ళే తెచ్చుకుంటారు. ఆ విషయంలో మనకు శ్రమ లేదు.)

ఇరవై ఎనిమిదేళ్ళు నా పడవ ఆ పరీక్ష తప్పలేదు. సర్టిఫికెట్ అడుగున 'కడిగినవారు' అని ఒక గడి ఉంటుంది. ప్రతి ఏడూ అందులో 'ప్రేమదాసు' అని రాయించి, కింద సంతకం పెట్టాను. ప్రతి ఏడూ కడిగింది నా భార్య జయమణి. గడిలో ఒక్క పేరుకే చోటుందని ఆమెకు చెప్పేవాణ్ణి. ఆమె బడికి వెళ్ళలేదు కాబట్టి గడి వెడల్పు గురించి వాదించలేదు.

పోయిన ఏడు పరీక్ష అయిన మూడో నెలలో జ్వరమొచ్చి ఆమె పోయింది. పాచి మాత్రం యథావిధిగా పెరిగింది.

జగ్గయ్యపేటలో తిరుపతిరావు కొట్టుకి వెళ్ళాను. రంగులు, మేకులు, బాత్రూంలు కడిగే సరుకు అమ్ముతాడు.

"ఏం దాసూ, బాత్రూం కట్టించావా?"

"పడవ కడగాలి."

"ఏదైనా ఒకటేలే. ఈ యాసిడ్ అయిదు సీసాలు తీసుకుపో. పోసి, పక్కన కూర్చో. రుద్దే పనే ఉండదు."

కూర్చోవడం అన్న మాట నాకు నచ్చింది. అందులో నాకు ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉంది.

పోశాను. పాచి సగం పోయింది. మేకుల తలలు పూర్తిగా పోయాయి. నా అరచేతుల చర్మం ఈ రెంటికీ మధ్యస్థంగా పోయింది. నీళ్ళలో నురగ లేచింది, నురగలో మూడు పరిగె చేపలు వెల్లకిలా తేలాయి. రేవు పక్క గుడికి వచ్చిన ఎవరో ఫోనులో పట్టారు. మధ్యాహ్నానికల్లా 'కృష్ణమ్మకు విషం' అన్న పేరుతో ఆ వీడియో నాకే వచ్చింది, పదిమందికి పంపమని. అందులో నా ముఖం కనబడదు, వీపే కనబడుతుంది. అయినా అందరూ గుర్తుపట్టారు. మా ఊరివాళ్ళు నన్ను ఎక్కువగా చూసింది అటువైపు నుంచే.

మర్నాడు నందిగామ నుంచి జల పవిత్రతా పర్యవేక్షణ విభాగం వారి జీపు వచ్చింది. అందులోంచి సహాయ పరిశీలకుడు శ్రీకర్ దిగాడు. పాతికేళ్ళుంటాయి, మంచి బూట్లు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మూడు సీసాల్లో నీళ్ళు పట్టాడు. రుమాలు నా పడవ వల్ల కాదు. అతను కాలు మోపి నిలబడ్డ పైపు వల్ల. అది ఏళ్ళ తరబడి రేవులోకి నల్లటి నీళ్ళు వదులుతోంది. ఎవరిదో ఎవరూ చెప్పరు.

"సార్, మరి ఈ పైపు?" అన్నాను.

"ఏ పైపండీ?"

"మీ బూటు కింద ఉంది."

బూటు పక్కకి జరిపి చూశాడు. "దీనికి మా దగ్గర ఫైలు లేదండి. ఫైలు లేనిది మా రికార్డులో పారదు."

"రోజూ పారుతుందండి."

"కంప్లైంట్ ఇవ్వచ్చండి. పైపు ఓనరు ఆధార్ నంబరు వెయ్యాలి. మీ కేసు అలా కాదు, మీకు వీడియో ఉంది."

నా పడవ చుట్టూ పసుపు రిబ్బను కట్టారు. ఇక మీదట పర్యావరణానికి హాని చెయ్యని పద్ధతిలో మాత్రమే కడగాలి, ఆ పద్ధతిని ముందుగా ఫారం పద్నాలుగులో ప్రకటించి అనుమతి పొందాలి. నెలాఖరుకి పన్నెండు రోజులుంది. కడగకపోతే జగ్గయ్యపేట వాళ్ళు పడవ కోస్తారు. కడిగితే నందిగామ వాళ్ళు కేసు పెడతారు. ఈ రెండు ఆఫీసుల మధ్య ముప్పై కిలోమీటర్ల హైవే ఉంది, ఉత్తర ప్రత్యుత్తరాలు లేవు.

నందిగామ వెళ్ళి ఫారం ముందు కూర్చున్నాను. ఇరవై రెండు ప్రశ్నలు.

"ఇన్నాళ్ళూ ఎలా కడిగేవారో అదే రాయండి, చాలు," అన్నాడు శ్రీకర్.

"నా భార్య కడిగేదండి."

"ఏంతో?"

"తెలియదండి."

"ఎంతసేపు పట్టేది?"

"నేను భోంచేసి ఒడ్డున కూర్చునేసరికి మొదలెట్టేది. నిద్ర లేచేసరికి అయిపోయేది."

"కడిగిన నీళ్ళు ఎటు పోయేవి?"

"ఏటిలోకే అనుకుంటానండి."

"అనుకుంటా అని రాయకూడదండి. తెలియదు అని రాయండి."

పదిహేడు చోట్ల 'తెలియదు' అని రాశాను. నా సంసారం గురించి అంత సమగ్రమైన పత్రం మరొకటి లేదు. శ్రీకర్ దాన్ని తిప్పి నాకే ఇచ్చాడు.

తెలిసినవాళ్ళు ఎవరా అని ఆలోచిస్తే రాఘవమ్మ తట్టింది. పక్కిల్లు. జయమణిని అక్కా అనేది. కాబట్టి నన్ను బావా అంటుంది, ఏమైనా అంటుంది.

"పడవ ఏంతో కడిగేదే మీ అక్క?"

ఆవిడ చేటలో బియ్యం పక్కన పెట్టింది. "నన్నడుగుతున్నావా బావా? ఇరవై ఎనిమిదేళ్ళు ఎదురుగా కూర్చుని బీడీలు కాల్చావుగా. పొగ అడ్డమొచ్చిందా?"

"చెప్పవే. ఫారం నింపాలి."

"రాసుకో అయితే. కుంకుడుకాయలు ముందురోజు నానేసేది. తుమ్మ బూడిద జల్లించి పెట్టుకునేది. కొబ్బరి పీచుతో రుద్దేది. మూలల్లో చింతపండు."

"నీళ్ళు ఏటిలోకి పోయేవా?"

"అయ్యో రాత! పడవని ఒడ్డుకి లాగి కింద పట్టా పరిచేది. లాగడానికి నన్ను పిలిచేది, నిన్ను కాదు. పట్టాలో నీళ్ళు బకెట్లకెత్తి మీ దొడ్లో సొరపాదుకి పోసేది. ఏటిలో ఒక్క చుక్క పోనిచ్చేది కాదు. చేపపిల్లలుంటాయి పాపం అనేది."

ఆ సొరకాయల కూర నేను ఇరవై ఎనిమిదేళ్ళు తిన్నాను. ఉప్పు తక్కువైందని చెప్పేవాణ్ణి. ఆమె చేతులు గరుగ్గా ఉంటాయని కూడా ఒకసారి అన్నాను.

ఫారం ఇరవై రెండు గడులూ నిండాయి. శ్రీకర్ చదువుతూ లేచి నిలబడ్డాడు.

"అద్భుతమండీ! మా గైడ్‌లైన్స్ కంటే బావుంది. మరి పద్ధతి యజమాని సంతకం ఏదండీ?"

"చనిపోయిందండి."

కంప్యూటరులో వెతికాడు. "ఆ ఆప్షన్ లేదండి. ఊళ్ళో ఉన్నారు, ఊరెళ్ళారు. ఈ రెండే ఉన్నాయి."

"ఊరెళ్ళిందని పెట్టండి."

"అయితే సాక్షి కావాలండి." రాఘవమ్మకు ఫోను చేసి స్పీకరు పెట్టాడు. "అమ్మా, జయమణి గారు పడవ కడగడం మీరు చూశారా?"

"చూడ్డమేంటి బాబూ, లాగాను కూడా."

"ఆ సమయంలో ప్రేమదాసు గారు ఏం చేసేవారు?"

"కూర్చునేవాడు."

"ఎక్కడండీ?"

"ఒడ్డున. రాయి మీద. ఆ రాయి అరిగింది కూడా, వచ్చి చూసుకో."

ఆఫీసంతా విన్నది. శ్రీకర్ తల ఎత్తకుండా టైపు చేశాడు.

గడువుకి మూడు రోజుల ముందు అనుమతి పత్రం వచ్చింది. అందులో ఆరో షరతు ఇది: 'పడవను పద్ధతి యజమాని అయిన శ్రీమతి జయమణి గారు మాత్రమే స్వయంగా కడగవలెను. అర్జీదారు యథాప్రకారం ఒడ్డున కూర్చొనవచ్చును.'

ప్రభుత్వం నాకు ఇచ్చిన హక్కుల్లో నేను అడగకుండా వచ్చింది ఇదొక్కటే.

రిబ్బను విప్పాను. పడవ లాగడానికి రాఘవమ్మను పిలిచాను. "అక్క అయితే ఒక్క పూటలో కానిచ్చేది," అంటూ వచ్చింది. నాకు మూడు రోజులు పట్టింది. మొదటి రోజు కుంకుడు రసం కళ్ళలో పడింది. (కళ్ళు ఎర్రబడ్డాయి. కారణం కుంకుడు రసమే అని పైన రాశాను కదా.) రెండో రోజు యాసిడ్ కాల్చిన అరచేతుల్లోకి చింతపండు పులుసు దిగింది. మూడో రోజు మేకులు కొత్తవి కొట్టాను. నీళ్ళు బకెట్లకెత్తి దొడ్లోకి మోశాను. పాదు ఎప్పుడో ఎండిపోయింది. అయినా అక్కడే పోశాను.

గడువు రోజున జగ్గయ్యపేట నుంచి యోగ్యతా అధికారి తబస్సుం వచ్చింది. పడవ కిందికి దూరి తెల్లగుడ్డతో మూడు చోట్ల రుద్దింది. గుడ్డను ఎండకు పెట్టి చూసింది. తెల్లగానే ఉంది.

"ఎప్పటిలాగే ఉంది బాబాయ్. ఈసారీ మీరేగా కడిగింది?" అంటూ పెన్ను తీసింది. మళ్ళీ ఆగింది. చేతిలో నేనిచ్చిన నందిగామ వాళ్ళ పత్రం ఉంది. "ఇందులో జయమణి గారే కడగాలని ఉందే. మీరు కడిగుంటే నేను నంబరు కొట్టెయ్యాల్సొస్తుంది."

నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. రాఘవమ్మ నా వైపు చూసింది. ఆవిడ నోరు తెరవకపోవడం నేను చూడటం అదే మొదలు.

"నేను ఒడ్డున కూర్చున్నానమ్మా," అన్నాను.

తబస్సుం 'కడిగినవారు' గడిలో 'జయమణి' అని రాసింది. పేరు సరిగ్గా పట్టింది, ఇంకా కొంచెం చోటు మిగిలింది కూడా. కింద నేను సంతకం పెట్టాను. నంబరు నిలబడింది. పడవ మళ్ళీ నీళ్ళలో ఉంది. దానికి నాలుగు గజాల అవతల పైపు పారుతోంది.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆమె కడిగితే ఆ గడిలో నా పేరు రాశారు. ఈ ఏడు నేను కడిగితే ఆమె పేరు రాశారు. అన్నీ అబద్ధాలే. అన్నిటి కిందా సంతకం నాదే.