వరసలు బంద్

ఆ గురువారం పొద్దున జాన్సన్ రెండు పనులు అనుకొని ఇంట్లోంచి బయలుదేరాడు. మధ్యాహ్నంలోగా కోసిన పలకలన్నీ నునుపు చేయించి వరుసగా పేర్పించాలి. సాయంత్రం కాబోయే అత్తగారితో కలిసి మార్కాపురం వెళ్లి ప్రధానానికి చీర కొనాలి. రెండూ సులువైన పనులే. కాబోయే అత్తగారు యేసుమణి కూడా అతను పని చేసే ఫ్యాక్టరీలోనే ఉంటుంది కాబట్టి ఆమెను వెతుక్కుంటూ ఎక్కడికీ పోనక్కరలేదు.

తర్లుపాడు రోడ్డులో ఉన్న ఆ పలకల ఫ్యాక్టరీకి జాన్సన్ సూపర్‌వైజరు. ఒకప్పుడు అక్కడ బడిపిల్లల పలకలు చేసేవారు. ఇప్పుడు పిల్లలు పలక ముట్టడం మానేశారు గనుక గోడలకు అతికించే నల్లరాతి పలకలు చేస్తున్నారు. అంచులు నునుపు చేసే ఆడవాళ్లకు యేసుమణి మేస్త్రి. మనిషి చిన్నదే గాని రాయి కోసే మిషను ఆగిపోయినా ఆమె గొంతు వింటే మిషను నడుస్తోందనే అనుకుంటారు.

ఆమె కూతురు స్టెల్లా మార్కాపురంలో జిరాక్సు సెంటర్లో పని చేస్తుంది. జాన్సన్, స్టెల్లా ఒకరినొకరు ఇష్టపడ్డారు, పెద్దలు ఒప్పుకున్నారు, ఆదివారం చర్చిలో పాస్టరుగారు పెళ్లి ప్రకటన చదవబోతున్నారు. చదివేశాక ఇక ఎవరూ వెనక్కి పోరు. చదివేదాకా మాత్రం జాన్సన్ ప్రాణం గుప్పెట్లోనే. యేసుమణికి పౌరుషం జాస్తి. ఇదివరకు ఒక సంబంధం వాళ్లు కాఫీ సగం తాగి వదిలేశారని, వాళ్లు చెప్పులు వేసుకునేలోపే కాదు పొమ్మంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఓనరమ్మ సుధారాణి ఎదురైంది. ఆమెది ఒంగోలు. మామగారు పోయాక, భర్త బ్యాంకు ఉద్యోగం వదలనంటే, ఫ్యాక్టరీ ఆమె చేతికొచ్చింది. చెడ్డ మనిషి కాదు, మంచి చేయాలన్న తొందరే ఎక్కువ. ఎక్కడ శిక్షణ తరగతి జరిగినా వెళ్తుంది, తిరిగి వచ్చి ఏదో ఒకటి మొదలుపెడుతుంది. కిందటిసారి పని మొదలయ్యే ముందు అందరూ నిలబడి గట్టిగా నవ్వాలంది. లోడు ఎత్తే బయన్న నవ్వడం మొదలుపెట్టి ఆపలేక నడుం పట్టేయడంతో ఆ కార్యక్రమం ఆగింది.

"జాన్సన్! నిన్న విజయవాడలో ట్రైనింగ్ అద్భుతం అనుకో. పని చేసేచోట ఆరోగ్యకరమైన వాతావరణం ఉండాలన్నారు. మనకు లేదు."

"దుమ్ముకు మాస్కులు ఇచ్చినాం కద మేడం?"

"ఆ ఆరోగ్యం కాదయ్యా, మాటతీరు. ఇక్కడ అత్తా, మామా, బావా, పెద్దమ్మా తప్ప ఇంకో మాట వినపడదు. ఇది ఫ్యాక్టరీనా, పెళ్లిపందిరా? ఇవాళ్టి నుంచి వరసలు బంద్. ఎవర్నైనా సరే పేరు పెట్టి, గారు చేర్చి, అండీ అని పిలవాలి. అందరూ సమానం."

"అట్లయితే ముందు అందరికీ ఒక మాట చెప్తాను మేడం."

"ఏం చెప్పక్కర్లేదు. పైవాడు చేసి చూపిస్తే కిందివాళ్లు తామే నేర్చుకుంటారట. మధ్యాహ్నం హైదరాబాదు కంపెనీ నుంచి గోపిక గారు వస్తున్నారు, తెలుసుగా. మన దగ్గర సరుకు తీసుకునే ముందు పనివాళ్లను ఎలా చూసుకుంటున్నామో చూస్తారు. ఆవిడ ముందు నీ నోట్లోంచి వరస వచ్చిందో, ఇంకో ఉద్యోగం వెతుక్కో. పద, నేను నీ వెనకే ఉంటా."

"మేడం, యేసుమణత్తతో మాత్రం..."

"ఆ అత్తే వద్దంటున్నా. ఆవిడతోనే మొదలుపెట్టు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ వైపు ఊళ్లలో వరస లేని మనిషి ఉండడు. బస్సులో పక్కన కూర్చున్నవాడు కూడా దిగేలోపు మామో బావో అయిపోతాడు. అట్లా వరస పెట్టి పిలిచే మనిషి ఉన్నట్టుండి గారూ, అండీ అన్నాడంటే దానికి ఒకటే అర్థం, నీకూ నాకూ చెల్లు అని. గట్టు తగాదాలో అన్నదమ్ములు విడిపోతే పొలం కంటే ముందు మాటలోకి వచ్చేది 'గారు'. ఈ సంగతి జాన్సన్‌కు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కానీ వెనక మేడం నిలబడి ఉంది.

"యేసుమణి గారూ, ఆ రెండో వరుస పలకలు ఎప్పటికి అయితాయండీ?"

యేసుమణి వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"ఎవర్ని అల్లుడా పిలుస్తన్నావు?"

"మిమ్మల్నేనండీ."

షెడ్డులో సానరాళ్ల చప్పుడు ఆగిపోయింది. యేసుమణి అతణ్ని ఎగాదిగా చూసింది. "వొంట్లో బాగలేదా నాయనా?"

"బాగనే ఉన్నానండీ. మీరు పని కానివ్వండి." అంటూనే జాన్సన్, తర్వాత చెప్తాను అన్నట్టు కళ్లతో సైగ చేయబోయాడు. కంగారులో రెండు కళ్లకు బదులు ఒకటే కదిలింది. అది పక్కన కూర్చున్న కొండమ్మ కంటపడింది.

"అయ్యో అయ్యో! ఎగతాళిగా కన్ను గూడా కొట్టినాడు వదినా!"

సుధారాణి మాత్రం జాన్సన్ భుజం తట్టి, "చాలా బాగా మొదలుపెట్టావు" అని అవతలికి తీసుకుపోయింది.

వాళ్లు అటు పోగానే కొండమ్మ యేసుమణికి దగ్గరగా జరిగింది. జాన్సన్‌కు ఆమె పెద్దమ్మ వరస. అయినా సరే, ఇట్లాంటి కబురు కడుపులో దాచుకోవడం ఎవరి తరమూ కాదు.

"మొన్న దొనకొండ నుంచి ఎవరో రైల్వేవాళ్లు వచ్చినారంట వదినా. జాన్సన్ వాళ్లమ్మతో పొద్దుగూకిందాకా ఒకటే మాటలంట."

వచ్చినవాళ్లు రైల్వేవాళ్లే. కాకపోతే వాళ్లు వచ్చింది జాన్సన్ వాళ్ల బర్రెను బేరం చేయడానికి. అంత చిన్న విషయం ఎవరు పట్టించుకుంటారు?

"ఓహో! రైల్వే సంబంధం వచ్చేసరికి మేము గారు అయిపోతిమా!" అంది యేసుమణి. అతణ్నే పిలిచి నిలదీయొచ్చు కదా అని మీరంటారు. నిలదీస్తే ఆమె యేసుమణి ఎందుకవుతుంది? కొంగు దులుపుకొని లేచి, కూతురికి ఫోన్ చేసి, "నన్ను గారూ అన్న ఆ పిల్లోడి నంబరు సెల్లులోంచి తీసెయ్యి" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

నంబరు తీసేసే ముందు స్టెల్లా దానికి ఫోన్ చేసింది. అప్పుడు జాన్సన్ ఆఫీసు గదిలో మేడం ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఏంది, మా అమ్మను గారూ అన్నావంట?"

మేడం చూస్తూనే ఉంది. "అవునండీ" అన్నాడు జాన్సన్.

"నన్ను గూడా అండీ అంటన్నావా?"

"సాయంత్రం మాట్లాడుకుందామండీ."

ఫోన్ కట్టయింది. సుధారాణి ముఖం వెలిగిపోయింది. "శభాష్! ఫోన్లో కూడా ఎంత మర్యాదగా మాట్లాడుతున్నావో! ఎవరు, కస్టమరా?"

"కావలసినోళ్లు మేడం. ఇంకా ఉన్నారో లేదో తెలీదు."

ఈలోగా షెడ్డు రెండుగా చీలింది. ఆడవాళ్లంతా పని వదిలేసి గేటుకు ఎడమ పక్క ఆడపెళ్లివారుగా కూర్చున్నారు. మిషన్ల దగ్గరి మగవాళ్లు కొందరు, తమవాణ్ని ఉత్తపుణ్యానికి కాదంటున్నారన్న రోషంతో, మిషన్లు ఆపి కుడి పక్క చేరారు. నల్లమల గూడెం నుంచి వచ్చే బయన్న రెండు పక్షాలకూ మామే. ఆయన మధ్యలో పలకల దొంతి మీద కూర్చొని, "ఏ పక్క కూర్చోవాల్నో తేలేదాకా నేను లోడు ఎత్తను" అని తేల్చి చెప్పాడు.

కబురు తర్లుపాడు చేరింది. చేరేసరికి అది 'యేసుమణి సంబంధం వద్దందంట' అయింది. జాన్సన్ తల్లి సంతోషమ్మ ఆటో దిగడం దిగడమే కేక వేసింది.

"ఏం వదినా, నా కొడుకులో నీకేం వంక కనపడింది?"

"వంక నీ కొడుకుది గాదు! నీ దొనకొండ వాళ్లది!"

"దొనకొండ వాళ్లు నిన్నేం చేసినారు? వాళ్లు మా..."

బర్రె అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అది బయటికొస్తే అక్కడితో అంతా తేలిపోయేది. కానీ అప్పుడే తెల్లకారొకటి వచ్చి గేట్లో ఆగింది. అందులోంచి నలగని చీర కట్టుకున్న ఒక యువతి దిగి, అందరికీ దండం పెట్టి, చిరునవ్వుతో అడిగింది.

"జాన్సన్ గారు ఎక్కడున్నారండీ? ఫోన్లో మాట్లాడాం. మిమ్మల్నందర్నీ ఒకసారి చూసి పోదామని వచ్చాను."

గోపిక చేసిన తప్పల్లా అదొక్కటే.

"వచ్చింది! దొనకొండ పిల్లే కారేసుకొని వచ్చింది!" అని యేసుమణి గుండెలు బాదుకుంది. "పిల్లే వచ్చి అందర్నీ చూసుకొని పోతదంట!"

సంతోషమ్మకు బర్రె సంగతి మరుపుకొచ్చింది. అప్పుడే గదిలోంచి పరిగెత్తుకొచ్చిన కొడుకును చేతిసంచితో వీపు మీద ఒకటి వేసింది. "ఎవర్రా ఈ పిల్ల? కన్నతల్లికి గూడా చెప్పకుండా ఫోన్లో మాట్లాడుకున్నారా?"

"అమ్మా, ఆమె కంపెనీ..."

"కంపెనీలో ఉద్యోగమా? అందుకేనా ఇంత మిడిసిపాటు!" ఇంకొకటి వేసింది.

సరిగ్గా అప్పుడే స్టెల్లా ఇంకో ఆటోలో దిగింది. అమ్మను చూసింది, కారును చూసింది, నలగని చీరను చూసింది. గేటు కమ్మీ పట్టుకొని నిలబడి నిశ్శబ్దంగా ఏడవడం మొదలుపెట్టింది.

సుధారాణి చేతులు రెండూ పైకెత్తింది. "అందరూ ఆగండి! యేసుమణి గారూ, దయచేసి కూర్చోండి..."

"అదో, ఈమె గూడా గారూ అంటంది! సంబంధం కుదిర్చింది ఈమేనే!" అంది కొండమ్మ. ఎడమ పక్క మొత్తం లేచి నిలబడింది.

గోపిక ఫైలు గుండెలకు హత్తుకొని, ఆ గలాటాలో స్థిమితంగా ఉన్న ఒకే ఒక మనిషి బయన్న కాబట్టి, వెళ్లి ఆయన పక్కన దొంతి మీద కూర్చుంది. ఆయన మర్యాదగా కొంచెం జరిగాడు.

జాన్సన్ మేడం వైపు చూశాడు. గోపిక వైపు చూశాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, తెరవకపోతే స్టెల్లా పోతుంది. కమ్మీ పట్టుకొని ఏడుస్తున్న స్టెల్లాను చూశాక ఇక లెక్కలు వేయలేకపోయాడు.

"అత్తా!" అని అరిచాడు. మిషన్లు ఆగి ఉన్నాయి కాబట్టి ఆ కేక రోడ్డు అవతలికి కూడా వినిపించింది. "అత్తా! నా అత్తా! నా ఉద్యోగం పోతే పోయింది! ఏ సంబంధమూ లేదు! దొనకొండోళ్లు వచ్చింది మా బర్రె కోసం! ఈమె సరుకు కొనే కంపెనీ ఆమె! వరసలు పెట్టి పిలవద్దని మేడం చెప్పిందత్తా, అందుకే గారూ అన్నా! నేను సచ్చినా నువ్వు నాకు అత్తవే!"

యేసుమణి ముక్కు చీదింది. "ఆ ముక్క పొద్దున్నే చెప్పి చావొచ్చు గదా సన్నాసీ" అంది. సన్నాసి అనిపించుకోవడం జాన్సన్‌కు ఆ రోజు మొదటి శుభవార్త. కమ్మీ దగ్గర స్టెల్లా ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వింది.

యేసుమణి ఇప్పుడు మేడం వైపు తిరిగింది. "ఏమ్మా, మా వరసలు నిన్నేం చేసినయ్?"

సుధారాణి ట్రైనింగులో విన్నవన్నీ చెప్పబోయింది. సమానత్వం, వాతావరణం, ఇంకేవో. ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది వేరే.

"ఏం చెప్పను? ఇన్నేళ్లయింది నేనొచ్చి. ఇక్కడ అందరికీ అందరూ ఏదో ఒకటవుతారు. నేను షెడ్డులోకి వస్తే మాత్రం అందరూ మాటలు ఆపేసి 'మేడం' అంటారు. ఎవరికీ ఏ వరసా లేకపోతే నేనూ మీలో ఒకదాన్నవుతానని..." కళ్లజోడు తీసి తుడుచుకుంది.

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మేడంకు కూడా బాధ ఉంటుందని వాళ్లకు అంతవరకు తోచలేదు, అందుకు కొంచెం సిగ్గుపడ్డారు కూడా.

"ఓసి పిచ్చిదానా!" అంది యేసుమణి. "అడిగితే ఇయ్యమా ఏంది? మీ మామను నేను అన్నా అని పిలిచేదాన్ని. అన్న కొడుకు నాకు అల్లుడు. అల్లుడి పెళ్లాం నాకు కూతురు. నువ్వు నా కూతురివి, మా స్టెల్లాకు అక్కవి. నన్ను పిన్నమ్మా అను."

"పిన్నమ్మా" అంది సుధారాణి.

"అట్లయితే నాకు వదినవి" అన్నాడు జాన్సన్ వెంటనే. మరిది వరస వాణ్ని వదిన ఉద్యోగంలోంచి తీసేయదని అతని ధైర్యం.

అప్పుడు అందరికీ గోపిక గుర్తొచ్చింది. ఆమె దొంతి దిగి, చీరకంటిన దుమ్ము దులుపుకొని, ఫైలు తెరిచింది. "నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది, ఇక్కడ పనివాళ్లు యజమాని ఎదుట తమ అభ్యంతరాలు భయం లేకుండా చెప్పుకోగలరా అని." కలం మూత తీసి ఏదో గీసింది. "ఇది అడగనక్కర్లేదనుకుంటా." మిగతావి ఆమె అన్నం తిన్నాక అడిగింది. అన్నం కొండమ్మ పెట్టింది. కారెక్కేటప్పుడు బయన్నకు, "వెళ్లొస్తాను మామయ్యా" అని చెప్పిందని అందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆదివారం పాస్టరుగారు ప్రకటన చదివారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ప్రధానం బుధవారం అన్నారు. పెళ్లికూతురి అక్క హోదాలో సుధారాణికి వంటల పెత్తనం దక్కింది. మంగళవారం సాయంత్రం ఆమె ఉల్లిపాయల బస్తా దింపిస్తూ ఉలిక్కిపడింది.

"జాన్సన్, రేపు హైదరాబాదు లారీ వస్తుంది కదా! లోడింగుకు ఎవరెవరు వస్తారు? సెలవు కావాలని ఎవరూ అడగలేదే?"

"సెలవేంది వదినా?" అన్నాడు జాన్సన్ ఆశ్చర్యంగా. "మనింట్లో కార్యానికి మనం ఎవర్ని అడగాల?"

లారీ బుధవారమే వచ్చింది. ఆ రోజు ఫ్యాక్టరీలో సెలవు అడిగినవారు ఒక్కరూ లేరు, పనికి వచ్చినవారూ లేరు.