వెనక స్ప్రింగు మీద అనుమానం

ఇన్‌స్పెక్టరుకి పొట్టితనం పుట్టుకతో వచ్చింది, అనుమానం ఉద్యోగంతో వచ్చింది. తూనికల, కొలతల శాఖలో ఇరవై ఏళ్ళు పనిచేసి, తక్కెడ అడుగున మైనం అంటించే దుకాణదారుల్ని పట్టుకుని పట్టుకుని, చివరికి ఇంట్లో గోడ గడియారాన్ని కూడా చేతి గడియారంతో సరిచూసుకోనిదే నమ్మని స్థితికి వచ్చాడు. అలాంటి మనిషి నలభై ఆరో ఏట కొండలూ గుట్టలూ ఎక్కే అడ్వెంచర్ బైకు కొన్నాడు.

భార్య టైలరు. టేపు పట్టకుండానే మనిషిని కొలిచేస్తుంది. షోరూములో ఆయన సీటెక్కి కూర్చోగానే, వేలాడుతున్న బూట్లనీ కింద నేలనీ ఒక్కసారి చూసి, "మూడంగుళాలు తక్కువండీ" అంది. బైకు ఎత్తు గురించేమోనని సేల్స్‌మన్ కంగారుపడ్డాడు. "బైకు కాదు బాబూ, ఈయన" అంది.

దాంతో ఆయనకి రోషం ముంచుకొచ్చింది. బండి ఒక్కసారి కింద పడినా తాళంచెవి స్వయంగా ఆవిడ చేతిలో పెడతానని, ఆ తరవాత అమ్ముకున్నా ఉంచుకున్నా ఆవిడ ఇష్టమేనని నలుగురి ముందూ అనేశాడు. ఆవిడ సంచిలోంచి జాకెట్ల కొలతల పుస్తకం తీసి, ఆ ముక్క రాయించి, సంతకం పెట్టించుకుంది.

బండి నడిపినంతసేపూ ఆయన మహారాజే. చిక్కంతా ఆగేటప్పుడే. సిగ్నల్ దగ్గర ఫుట్‌పాత్ అంచు దొరికితే కాలు ఆనేది, లేకపోతే దేవుడే దిక్కు. పైగా వచ్చే ఆదివారం ఆఫీసు బృందంతో కొండదారి ప్రయాణం పెట్టుకున్నాడు. అందరికంటే ముందు తానే నడుపుతానని, వెనక సీటులో భార్య ఉంటుందని గొప్పలు పోయాడు. అక్కడ పడ్డాడంటే పరువూ బండీ ఒకేసారి పోతాయి.

అందుకని భార్యకి తెలియకుండా మెకానిక్ దగ్గరికెళ్ళాడు. వెనక చక్రం దగ్గర స్ప్రింగుకి ఒక గుండ్రటి నాబ్ ఉందని, బిగిస్తే బండి వెనక భాగం లేస్తుందని, వదులు చేస్తే దిగుతుందని మెకానిక్ చూపించాడు. మరీ దించితే మాత్రం సైడు స్టాండు పొడుగైపోతుందని, బండి ఒక పక్కకి వాలకుండా నిటారుగా నిలబడుతుందని, స్టాండు కాస్త కోయించుకోవడం మంచిదని కూడా చెప్పాడు. ఇదేదో గిట్టుబాటు కోసం చెబుతున్న మాటని ఇన్‌స్పెక్టరుకి అనుమానం వచ్చింది. స్టాండు సంగతి అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు.

సోమవారం పొద్దున ఆవిడ స్నానానికెళ్ళిన సమయం చూసి నాబ్‌ని ఎనిమిది చుట్లు వదులు చేశాడు. సీటెక్కితే బూటు ముందు భాగం చక్కగా నేలకి ఆనింది. ఆ ఆనందంలో రెండు చెంబుల నీళ్ళు ఎక్కువే పోసుకుని స్నానం చేసి, ఆఫీసు జీపులో వెళ్ళిపోయాడు.

మంగళవారం ఎక్కి చూస్తే కాళ్ళు మళ్ళీ గాల్లోనే ఉన్నాయి. ముందు బూట్లని అనుమానించాడు, తరవాత నేలని. చివరికి నాబ్‌ని లెక్కపెడితే సరిగ్గా ఎనిమిది చుట్లు బిగించి ఉంది. తిట్టుకుంటూ మళ్ళీ వదులు చేశాడు. బుధవారానికి మళ్ళీ అదే వరస, పైగా మీటరులో పదకొండు కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ఉంది. 

తాళంచెవి ఇంట్లో మేకుకి ఉంటుంది కాబట్టి దొంగ ఇంటి మనిషే కావాలి. ఇంటి మనుషుల్లో ఎత్తు సీటు అవసరమైంది ఎవరికని ఆలోచిస్తే బావమరిది కళ్ళ ముందు నిలబడ్డాడు. వాడు ఆరడుగుల మీద రెండంగుళాలు. భోజనాల దగ్గర ఆయన కూపీ లాగబోయాడు.

"మీ తమ్ముడు ఈ మధ్య ఇటు వస్తున్నాడా?"

"వస్తే మీకు చెప్పనా?"

"ఏం లేదు, వాడి కాళ్ళు మరీ పొడుగు."

"చిన్నప్పటినుంచీ అంతేనండీ. ఇవాళే చూశారా?" అని ఆవిడ కూర గిన్నె ఆయన వైపు జరిపింది. ఆ జరపడంలో కూడా ఆయనకి ఏదో దాపరికం కనిపించింది.

గురువారం ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి సుద్ద దొంగిలించి, వదులు చేసిన నాబ్ మీద గుర్తు పెట్టాడు. సాయంత్రం వచ్చి చూస్తే నాబ్ బిగించే ఉంది, గుర్తు మాత్రం ఆయన పెట్టిన వైపే ఉంది. బిగించేటప్పుడు చెరిగిన పాతది తుడిచేసి, అంతకంటే నాజూగ్గా కొత్త గీత గీశారు. బావమరిదికి ఇంత తెలివి ఎప్పుడొచ్చిందా అని ఆయన శుక్రవారమంతా కుమిలిపోయాడు.

శనివారం ఒక పూట సెలవు పెట్టాడు. బండెక్కినవాడి మోకాళ్ళు హ్యాండిల్‌కి కొట్టుకోవాలని నాబ్‌ని ఆఖరి దాకా వదిలేశాడు. మర్నాటి ప్రయాణానికని రెండు పక్కల పెట్టెల్లో గుడారం, స్టవ్వు, గిన్నెలు కుక్కాడు. బండి నిటారుగా నిలబడింది. అది తాను బరువు సరిగ్గా సర్దడం వల్లేననుకుని, ఎదురుగా ఉన్న లాండ్రీ షాపులో వేలాడే బట్టల వెనక నక్కాడు.

పదకొండింటికి తలుపు తెరుచుకుంది. ఆయన జాకెట్టే వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, పొడుగాటి మనిషి ఒకడు బయటికొచ్చాడు. తిన్నగా వెనక చక్రం దగ్గర కూర్చుని నాబ్ మీద చెయ్యేశాడు. ఇంకేముంది, ఇన్‌స్పెక్టరు ఒక్క పరుగున రోడ్డు దాటి, "దొరికావురా బావమరిదీ" అంటూ సీటు మీద ఒక్క చరుపు చరిచాడు.

బండి ఆ చరుపు కోసమే కాచుకున్నట్టు అవతలి పక్కకి దబ్బున పడింది. అద్దం పగిలింది, పెట్టె తెరుచుకుంది, గిన్నె ఒకటి వీధి మలుపు దాకా దొర్లుకుంటూ పోయింది. ఆ మనిషి లేచి హెల్మెట్ తీసింది. భార్య. ఆవిడా తమ్ముడికి తీసిపోని పొడుగేనన్న సంగతి ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

"నువ్వా?" అన్నాడు.

"సోమవారం చూస్తే బండి కొయ్యబొమ్మలా నిటారుగా ఉందండీ. గాలేస్తే పడేలా ఉంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే నాబ్ బిగించమన్నాడు. పడితే మీ బండి మీకు దక్కదని రోజూ బిగిస్తూ వచ్చాను."

"మరి ఆ కిలోమీటర్లు?"

"ఎలాగూ కూర్చున్నాను కదా అని ఒక వీధి తిప్పాను. బాగుందనిపించి ఇంకో రెండు వీధులు తిప్పాను. పెళ్ళికి ముందే వచ్చు నాకు. మీరెప్పుడూ అడగలేదు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పారా?"

 ఇరవై ఏళ్ళలో తాను పట్టుకున్న ప్రతి దుకాణదారూ ఎలా నిలబడ్డాడో ఇప్పుడు అచ్చం అలాగే నిలబడ్డానని తెలిసి, ఆయన చెవులు సిగ్గుతో కాలిపోయాయి. ఇద్దరూ కలిసి బండి లేపారు. ఆవిడ చెయ్యి చాపింది.

"తాళంచెవి నీ దగ్గరే ఉందిగా" అన్నాడు నీరసంగా.

"మీ చేత్తో పెట్టాలి. పుస్తకంలో అలాగే రాశారు" అని, తాళంచెవి ఆయనకిచ్చి, మళ్ళీ తీసుకుంది.

అమ్మేస్తుందని ఆయన రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఆవిడ అమ్మలేదు. ఆదివారం పొద్దున ఆఫీసు బృందానికి ముందు ఆవిడే నడిపింది, ప్రతి సిగ్నల్ దగ్గరా రెండు పాదాలూ నిండుగా నేల మీద ఆనించి మరీ. వెనక కూర్చున్నారేం సార్ అని అడిగిన గుమాస్తాలకి, స్ప్రింగు తనిఖీ చేస్తున్నానని ఇన్‌స్పెక్టరు గంభీరంగా చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

కొండ మొదట్లో ఆవిడ బండి ఆపింది. "ఏవండీ, మీ బరువుకి వెనక దిగిపోతోంది. కాస్త లేపండి" అంది.

ఆఫీసంతా చూస్తుండగా ఆయన దిగి, మోకాళ్ళ మీద కూర్చుని నాబ్ బిగించాడు. ఎనిమిది చుట్లయ్యాక చాలా అని అడిగాడు.

"ఇంకో మూడు" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

ఆ మూడూ బిగించి లేచి చూస్తే సీటు ఆయన ఛాతీ దాకా వచ్చింది. ఎక్కించమని గుమాస్తాల్ని అడగడానికి నోరు రాక, ఇన్‌స్పెక్టరు రోడ్డు పక్కన కాస్త ఎత్తయిన రాయి కోసం వెతకడం మొదలుపెట్టాడు.