మూడు వందల పన్నెండు మంది ప్రయాణికులు

ఈ తీరంలో ఇక తుపాను అనే మాట నిఘంటువులోనే మిగులుతుందని మంత్రిగారు ప్రకటించారు. విమానాశ్రయం ప్రహరీ అవతలి ఇసుక కాలనీకి ఏడాదిలోగా రెండంతస్తుల తుపాను షెల్టరు కట్టిస్తామన్నారు. బయట గాలి ఎక్కువగా ఉండటంతో సభ టెర్మినల్ లాంజిలోనే జరిగింది. శంకుస్థాపన రాయిని కూడా అక్కడే ఓ బల్ల మీద పెట్టి ఆవిష్కరించారు.

ఆ రాయిని పొద్దున్నే తడిగుడ్డతో తుడిచింది టెర్మినల్ ఊడ్చే ఆవిడ. భర్తను సముద్రం తీసుకుపోయాక, ఆ కాలనీలోనే ఓ రేకుల ఇంట్లో అత్తతో ఉంటోంది. అత్త తప్ప ఆమెకు ఇంకెవరూ లేరు. కిందటి తుపానుకు వాళ్లింటి రేకు ఎగిరొచ్చి రన్‌వే మీద పడింది. ఆ నెలలో అక్కడ దిగింది అదొక్కటేనని గిట్టనివాళ్లు అన్నారు. ఆమె అవేమీ పట్టించుకోలేదు. తన చేత్తో తుడిచిన రాయి అబద్ధమాడదనుకుంది.

రాయి బల్ల దిగకముందే తుపాను వచ్చింది. మధ్యాహ్నం రెండింటికల్లా కాలనీ మొత్తం మూటలతో, మేకలతో, లేవలేనివాళ్లను మంచాలతో సహా మోసుకుంటూ టెర్మినల్ తలుపు దగ్గరకు చేరింది. చుట్టుపక్కల గట్టి స్లాబున్న కట్టడం అదొక్కటే. ముందు వరసలో అత్త, చంకలో కోడిపెట్ట. గార్డు బాధపడుతూనే అడ్డంగా నిలబడ్డాడు. టికెట్ లేనివాళ్లను లోపలికి వదిలితే తన ఉద్యోగం ఉండదన్నాడు. వదలకపోతే వీళ్లే ఉండరని లోపలినుంచి ఊడ్చే ఆవిడ అంది. ఇద్దరి మాటా నిజమే కాబట్టి మేనేజరుగారిని పిలిచారు.

మేనేజరుగారి గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఆయన నిబంధన తప్పే మనిషి కాదు. మనిషిని తోసేసే మనిషీ కాదు. ఈ రెండు గుణాలూ ఒకే ఆఫీసులో దొరకడం కష్టం, ఒకే మనిషిలో సరే సరి. అరనిమిషం ఆలోచించి ఆయన కౌంటర్ తెరిపించారు. అందరికీ బోర్డింగ్ పాసులు ఇవ్వమన్నారు. పాసు ఉన్నవాడు ప్రయాణికుడు, ప్రయాణికుణ్ణి ఏ గార్డూ ఆపలేడు. ఎక్కడికి అన్నచోట ఖాళీ వదిలితే కంప్యూటర్ ఒప్పుకోలేదు. రాజధాని అని కొట్టించారు.

ఆ తర్వాతి పనంతా చూడముచ్చటగా జరిగింది. మేకల మెడలకు లగేజీ ట్యాగులు కట్టారు. చేపలు కోసే కత్తులు తీయించి ట్రేలో పెట్టించారు. కిటికీ పక్క సీటు కావాలా అని అత్తను అడిగితే, కిటికీలొద్దు నాయనా, గోడ పక్కన చాలు అంది. కోడిపెట్టను చేతిసంచిగా రాసుకున్నారు.

సాయంత్రానికి కాలనీలో ఒక్క ఇల్లు నిలవలేదు. టెర్మినల్లో ఒక్క మనిషికి గీత పడలేదు. ఊడ్చే ఆవిడ మేనేజరుగారికి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆయన సిగ్గుపడి, ఎవరి పాసు వాళ్లు జాగ్రత్త చేసుకోమన్నారు.

ఒక్కరోజులో మూడు వందల పన్నెండు మంది ప్రయాణికులు. ఏడాది మొత్తం కలిపినా అంతమంది ఎక్కని విమానాశ్రయం అది. దాన్ని మూసేయాలన్న ఫైలును మంత్రిగారు చింపించి, పత్రికలవాళ్లను పిలిపించారు. నిన్నటిదాకా వలలు విసిరిన చేతులు ఇవాళ సీటు బెల్టులు బిగించుకుంటున్నాయని చెబుతూ ఆయన కండువాతో కళ్లొత్తుకున్నారు. మేనేజరుగారికి ప్రశంసాపత్రం వచ్చింది. దానికి అద్దం కట్టించారు. రోజూ ఆ అద్దం తుడిచే పని ఊడ్చే ఆవిడకు పడింది.

ఆ వారమే సహాయం పంచే అధికారి జాబితాతో వచ్చాడు. అందులో కాలనీ లేదు. తుపాను రోజున అక్కడ మనుషులే లేరని, పాసుల నంబర్లతో సహా రుజువుందని చూపించాడు. షెల్టరు ఫైలు కూడా తిరిగొచ్చింది. విమానాల్లో తిరిగేవాళ్లకు షెల్టరెందుకని దాని మీద ఎర్ర సిరాతో రాసుంది. రాయి అయినా ఎందుకు వృథా కావాలని, టెర్మినల్ తలుపు గాలికి కొట్టుకోకుండా ఆన్చి పెట్టారు.

ఆ ఏడాదే మరో తుపాను. కాలనీవాళ్లు ఈసారి గార్డుతో వాదన పెట్టుకోలేదు. అలవాటైన ప్రయాణికుల్లా వరసగా నిలబడ్డారు. కౌంటర్లో ఒక్క పాసూ రావడం లేదు. మేనేజరుగారే కూర్చుని కంప్యూటర్ మీటలు నొక్కి, కాసేపటికి కళ్లద్దాలు తీసేశారు.

"ఏమైంది సార్?" ఊడ్చే ఆవిడ అడిగింది.

"వీళ్లంతా కిందటిసారే రాజధానికి వెళ్లిపోయారమ్మా. తిరిగొచ్చినట్టు రికార్డు లేదు. రానివాళ్లను మళ్లీ ఎలా పంపను?"

"ఎదురుగా ఉన్నారు కద సార్. మా అత్త అదిగో."

"నాకు కనిపిస్తోంది. దీనికి కనిపించడం లేదు."

వెళ్లలేదని రాసేయమని ఆమె బతిమాలింది. అలా రాస్తే ఆ మూడు వందల పన్నెండూ అబద్ధమైపోతాయి, విమానాశ్రయమే మూతపడుతుందని ఆయన నేల చూస్తూ చెప్పారు. ఆమె గోడ మీది ప్రశంసాపత్రం అద్దం వైపు చూసింది. దాన్ని పొద్దున్నే తుడిచింది.

గార్డు తలుపు వేసి రాయి ఆన్చాడు. అద్దాల అవతల అత్త, వానలో, తడిసిన కోడిపెట్టను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది.

"అయితే మేమిప్పుడు ఎక్కడున్నాం నాయనా?" అని తలుపు సందులోంచి అడిగింది.

"రాజధానిలో, పెద్దమ్మా," అన్నారు మేనేజరుగారు.

"అక్కడా వానేనా?"

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కంప్యూటర్లోకి చూశారు.

"లేదు. ఎండగా ఉంది."