నీడపూల ఆకులు కోసిందెవరు?

"నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు!" అని ప్రకటించారు తానో డిటెక్టివునని నమ్మే మా ఆయన, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని. ఇంతవరకూ ఆయన పట్టుకున్నది మా ఇంట్లో పోయిన చెంచా ఒక్కటే. అదీ ఆయన జేబులోనే దొరికింది.

ఈసారి కేసు మా అత్తయ్యది. బిల్డింగ్ వెనక ఎండ తొంగిచూడని సందులో ఆవిడ అడవిపూల మొక్కలు పెంచుతున్నారు. ఈ నేలలోనే పుట్టి, నీడలోనే పూసే రకం. తేనెటీగలకీ సీతాకోకచిలుకలకీ ఇంత తిండి దొరకాలని ఆవిడ తాపత్రయం. బిల్డింగ్ ప్రెసిడెంటుగారి కళ్ళకి మాత్రం అది పిచ్చిమొక్కల దిబ్బ.

"నీడలోకి ఏ ఈగా రాదమ్మా! ఒక్క తేనెటీగని చూపించండి, సందు మీకే వదిలేస్తా. లేదంటే రేపు టైల్స్ వేయించేస్తా" అనేశారాయన.

తెల్లారి చూస్తే ఏముంది! ఆకుల అంచులు కత్తెరతో కోసినట్టు గుండ్రంగా మాయమైపోయాయి.

"పురుగు పట్టిందంటూ ఆ ప్రెసిడెంటు ఇక ఒక్కటీ మిగల్చడే అమ్మాయ్!" అత్తయ్య కళ్ళు చెమర్చాయి.

"పురుగుకింత పనితనమా? ఇది కుట్ర!" మా ఆయన భూతద్దం తీశారు. "ఇంత నున్నగా కోయగల చెయ్యి ఈ బిల్డింగ్‌లో ఒక్కటే. కింది టైలరు!"

"మన ఆకులతో అతనికేం పనండీ?"

"అది అతనే కక్కుతాడు. పదండి! రక్తసిక్త రహస్యం వీడబోతోంది!"

"ఆకుపచ్చ రక్తమా?" అంటూ నేనూ, వెనకే అత్తయ్యా నడిచాం.

టైలరు షాపు కిటికీ ఆ సందులోకే తెరుచుకుంటుంది. లోపల ప్రెసిడెంటుగారు ఊపిరి బిగబట్టి నడుం కొలత ఇస్తున్నారు.

"కత్తెర కింద పెట్టు!" గర్జించారు మా ఆయన.

టైలరు నోట్లో గుండుసూదులు. "ఊఁ?" అన్నాడు.

"మౌనం! అపరాధి మొదటి లక్షణం!"

టైలరు సూదులు తీశాడు. "బట్టలు కోయడానికే తీరిక లేదు సార్. ఆకులు కూడానా?"

"ఆకులని నేను అన్నానా? దొరికిపోయావ్!"

"మీరు పొద్దున్నించీ కిటికీ అవతల అరుస్తున్నది అదేగా సార్!"

మా ఆయన ఠీవిగా ఒకడుగు వెనక్కి వేశారు. గుడ్డముక్కల బుట్టలో కాలు పడింది. ఆసరాకి కిటికీ కర్టెన్ పట్టుకున్నారు. కర్టెనూ, దాని గొట్టమూ, ఆయనా కలిసికట్టుగా నేలకి దిగారు. గొట్టంలోంచి పెన్సిలంత లావు ఆకుచుట్టలు దొర్లాయి.

"దొంగసరుకు! పొగచుట్టలు!" కర్టెన్ అడుగునుంచి కేక.

అంతలో కిటికీలోంచి ఓ తేనెటీగ వచ్చింది. కాళ్ళ మధ్య గుండ్రటి ఆకుముక్క, పొట్టకింద పసుప్పచ్చటి పుప్పొడి. గొట్టం ఉండాల్సిన చోట గిరగిరా తిరిగింది.

"నువ్వా తల్లీ! ఆకులు కోసి పిల్లలకి గూడు కట్టుకుంటున్నావా!" అత్తయ్య మొహం విప్పారింది.

ప్రెసిడెంటుగారు బిగబట్టిన ఊపిరి వదిలేశారు. "ఇది... తేనెటీగేనా?"

"మరి నేనా?" అన్నాడు టైలరు.

"సరేనమ్మా, సందు మీదే." అన్నారు ప్రెసిడెంటుగారు. "ఏమండీ డిటెక్టివుగారూ! ముందా గొట్టం పైకెత్తండి. పాపం, దానికి ఇల్లు కనబడట్లేదు!"

అత్తయ్య చుట్టలన్నీ మెల్లగా గొట్టంలోకి తోశారు. మా ఆయన స్టూలెక్కి గొట్టాన్ని పాత చోటే పట్టుకున్నారు. తేనెటీగ ఆకుతో సహా లోపలికి దూరింది.

"కేసు ముగిసింది! దర్జీ పనే అని మొదటే చెప్పానా లేదా? కాకపోతే ఆరుకాళ్ళ దర్జీ!"

"దించకురా! ఇంకో ముక్కకి వెళ్ళింది!" అరిచారు అత్తయ్య.

గొట్టం బిగించడానికి టైలరుకి ఎంత వెతికినా మేకులు దొరకలేదు. సాయంత్రం దాకా మా డిటెక్టివుగారు పట్టుబడ్డ నేరస్థుడిలా రెండు చేతులూ పైకెత్తుకునే నిలబడ్డారు.