812లో 410

ఉమ్రిలో ఆన్‌లైన్ సెంటర్ నడిపే విలాస్‌కు, అందరిలా తయారైన ప్రోగ్రాములు దించుకోవడమంటే నామోషీ. అతని లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామునూ మూల కోడ్ నుంచి కంప్యూటరే సొంతంగా కట్టుకోవాలి. ఆ ఉదయం, ఉన్న 812 ప్రోగ్రాములనూ మళ్లీ కట్టమని దానికి పురమాయించి, తీరిగ్గా చాయ్ తాగాడు.

భార్య శుభాంగి ఫోన్ చేసింది. "నా అంగన్‌వాడీ కొలువు ఫారం నింపినవా? ఇయ్యాల అయిదింటికి బంద్ అయితది."

"మధ్యాహ్నం నింపుత. మిషిన్ జర ఖాళీ కానీ."

"నేనే ఫోన్ల నింపుకుంటనా?"

"ఆన్‌లైన్ సెంటరాయన పెండ్లాం ఫోన్ల నింపుకుంటె నా ఇజ్జత్ ఏమైతది?"

ఆ కొలువు కోసం పాపం నాలుగేళ్లుగా ఎదురుచూస్తోంది ఆమె.

మధ్యాహ్నానికి ఫ్యాన్ పిండిగిర్నీలా మోగుతోంది. పంటనష్టం ఫారం కోసం వచ్చిన హన్మాండ్లు తెర మీద కంప్యూటర్ కట్టుకుంటున్న లెక్క '812లో 410' చూసి, ఏమీ అడగకుండానే బయటికి ఉరికాడు. "పంటనష్టం 812 మందికేనంట! 410 నడుస్తుంది!"

అరగంటలో జనం వాలిపోయారు. చెప్పులను వరుసలో వదిలి, నీడకు చేరారు. "అది మీ నంబర్ కాదు!" అని విలాస్ మొత్తుకున్నకొద్దీ, సొంతవాళ్ల కోసం దాస్తున్నాడని అనుమానం బలపడింది. రిటైరైన గజానన్ గురూజీ పెద్దరికం మీదేసుకుని చీటీలు రాశాడు. అప్పుడే మొగునికి అన్నం డబ్బా పట్టుకుని వచ్చిన శుభాంగికి, ఆడమనిషని మొదటి చీటీ ఇచ్చాడు. 410. హన్మాండ్లుది 411.

నంబర్ అక్కడే ఆగిపోయింది. కంప్యూటర్ బ్రౌజర్ కట్టుకుంటూ బిగుసుకుపోయింది. మౌస్ కూడా కదలదు. నాలుగున్నరయింది.

"410 ఎవరు? ఇంతసేపా?" జనం గొణిగారు.

శుభాంగికి ఏడుపొచ్చింది. "గీయన మిషిన్ పాడుగాను! నా కొలువు పోతది గురూజీ!"

"ఏడ్వకు బేటా. నీదైతెనే లైన్ కదుల్తది." గురూజీ తన ఫోన్ తీశాడు. ఆమె సంచిలోని కాగితాలను మెట్టు మీద పరిచి, పది నిమిషాల్లో ఫారం పంపేశాడు.

సరిగ్గా అప్పుడే లోపల నంబర్ మారింది. 411.

"చూసిన్రా? 410ది అయిపోయింది!" చప్పట్లు మోగాయి. హన్మాండ్లు వరుసలోని చెప్పులేసుకున్నాడు కానీ లోపలికి పోలేదు. మెట్టు మీద గురూజీ ముందు కూర్చున్నాడు. శుభాంగి కూడా తన ఫోన్ తీసి 412ను పిలిచింది.

విలాస్ లేచి తెరను గుమ్మం వైపు తిప్పాడు. బయటివాళ్లకు నంబర్ కనబడాలి కదా.