పుర్రె చూస్తేగాని తేలదు

సాయంత్రం బస్సుకి అమ్మ వస్తోంది. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి, మెట్లెక్కలేదు. కింది గది ఖాళీ చేయించి, రంగు వేయించి, మంచం వేయించాలని ఇల్లాలు పొద్దున్నే కొంగు బిగించింది. కిటికీ తెర విప్పబోతే మడతలో మెత్తగా ఏదో తగిలింది. బొటనవేలంత గబ్బిలం. తలకిందులుగా వేలాడుతూ, ఒళ్లంత చెవులు విప్పి ఆమె వంక చూసింది.

"ఏమండీ! దీన్ని కాస్త బయటికి పంపండి."

ఆయన మ్యూజియంలో జంతువుల విభాగం చూసుకుంటాడు. నోట్లో బ్రష్షుతో వచ్చి, చూసి, నురగ మింగేశాడు.

"కదపకు! ఆ చెవులు చూశావా? ఈ జాతి మన ప్రాంతంలో ఉందని ఎప్పుడో ఒకాయన రాశాడు. ఆయన పట్టింది మా మ్యూజియం బీరువాలోనే ఉంది. చర్మం మాత్రమే, పుర్రె ఎవరో పోగొట్టారు. అది ఈ జాతా, దీని పినతండ్రి జాతా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు."

"కొట్టుకోనివ్వండి. మా అమ్మ ఎక్కడ పడుకోవాలి?"

"సాయంత్రానికి తేల్చేస్తాగా!"

తనకు చదువు చెప్పిన పెద్దసారుకు ఫోన్ చేసి రమ్మన్నాడు. ఇంతలో పెయింటర్ డబ్బాలతో దిగాడు. లోపల చాలా అరుదైన గబ్బిలం ఉందని, ఎవరికీ చెప్పొద్దని ఆయన పెయింటర్ చెవిలో ఊదాడు. పెయింటర్ టీ తాగి వచ్చేలోగా వీధంతా గుప్పుమంది.

"మా మెట్ల కింద ఇలాంటివి జంటగా ఉన్నాయి బాబూ" అంటూ ఎదురింటి పిన్నిగారు వచ్చింది. ఆయన టార్చి పట్టుకుని పరుగెత్తాడు. తీరా చూస్తే అవి ఆవిడ మనవడు పారేసిన నల్ల సాక్సులు. మందుల షాపాయన అట్టపెట్టెలో భద్రంగా తెచ్చింది చచ్చిన పిచ్చుక. పక్కింటి లాయరు మాత్రం చిన్నప్పుడు సరిగ్గా దీన్నే చూశానని ఒట్టేశాడు. ఎక్కడో గుర్తు లేదట.

"పాత రికార్డులన్నీ ఇలా వచ్చినవే కాబోలు" అనుకుంది ఇల్లాలు.

ఈ గోలలో గబ్బిలానికి కాపలా ఆమెకే పడింది. మొదట విసుక్కుంటూ నిలబడింది. తర్వాత స్టూలు లాక్కుంది. అది రెక్క చివర నాకి, ముఖం తుడుచుకుని, అంతంత చెవుల్నీ పొట్టేలు కొమ్ముల్లా చుట్టి రెక్కల కింద దోపుకుంది.

"ఏమండీ, పినతండ్రి జాతి కూడా చెవులు ఇలాగే ముడుస్తుందా?"

ఆయన తల గోక్కున్నాడు. "తెలీదు. ఎవరూ రాసినట్టు లేదు."

"పుర్రెలు కొలిచారు గానీ, కాసేపు కూర్చుని చూసినవాడు లేడన్నమాట!"

పొద్దు వాలుతుండగా పెద్దసారు వచ్చాడు. భూతద్దంతో చాలాసేపు చూశాడు.

"దాదాపు అదే."

"దాదాపు అంటే?"

"పళ్లు కొలవాలమ్మా. పుర్రె చూస్తేగాని తేలదు" అంటూ సంచిలోంచి క్లోరోఫాం దూది పెట్టిన గాజుసీసా తీశాడు.

భర్త ముఖం వెలిగిపోయింది. "చూశావా, నీ గది కూడా ఖాళీ అయిపోతోంది!"

ఇల్లాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆ పుర్రె దానికి కావాలి."

"అదేమిటమ్మా! పొద్దుటినుంచీ వెళ్లగొట్టమని మీరే గోల పెట్టారట!"

"వెళ్లగొట్టమన్నాను, సీసాలో పెట్టమన్నానా? ఈ ప్రాంతం మొత్తానికి మీకు ప్రాణాలతో దొరికింది ఇదొక్కటి. దీన్నీ చంపేశాక, ఈ జాతి ఇక్కడ ఉందని రాస్తారా, ఉండేదని రాస్తారా?"

పెద్దసారు భూతద్దం జేబులో వేసుకున్నాడు. సీసా సంచిలోకి వెళ్లిపోయింది.

అప్పుడే చేతికర్ర టకటకలాడించుకుంటూ అమ్మ దిగింది. "ఏవిటే ఈ జనం? నా గదేదీ?"

"ఈ పూటకి హాల్లో సర్దుకోవాలమ్మా. గదిలో ఒకరున్నారు."

"ఎవరే?"

"అదే ఇంకా తేలలేదు."