మా ఇంట్లో పెండింగు సమస్యలు లేవు

సమస్యను పరిష్కరించడం చేతకానివాళ్ళ పని. చేతనైనవాళ్ళు దాన్ని మూసేస్తారు.

ఈ మాట ఎవడో తలకుమాసినవాడు అంటే మీరు నవ్వి ఊరుకోవచ్చు. అంటున్నది నేను. ఇరవై రెండేళ్ళుగా ఐటీలో ఉన్నవాణ్ణి. అందులో పదిహేనేళ్ళు సపోర్టు టీములో నలిగి, నడుముకి బెల్టూ కళ్ళకి జోడూ సంపాదించుకున్నవాణ్ణి. కాబట్టి కాస్త మర్యాదగా వినండి.

మా దగ్గర టికెట్టు అని ఒకటుంటుంది. రైలు టికెట్టులాంటిది కాదు, దీంతో ఎక్కడికీ వెళ్ళలేరు. కస్టమరుకి ఏదైనా ఇబ్బంది వస్తే మాకు రాస్తాడు. ఆ రాతకి ఒక నంబరు పడుతుంది. అదే టికెట్టు. నంబరు పడగానే కస్టమరుకి సగం ఉపశమనం. మిగతా సగం మా చేతిలో ఉంటుంది.

అప్పుడు మేమేం చేస్తాం? వెంటనే పనిలోకి దిగుతామనుకున్నారా? ఎంత అమాయకులండీ! ముందుగా "దయచేసి మరిన్ని వివరాలు తెలుపగలరు" అని జవాబు పంపిస్తాం. అతను వివరాలు పంపిస్తే ఇంకొన్ని అడుగుతాం. ఎక్కడో ఒకచోట మనిషికి విసుగు పుడుతుంది. మూడు రోజులు అటునుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, మా సిస్టం తనంతట తనే ఆ టికెట్టు మీద "పరిష్కరించబడినది" అని ముద్ర వేసి మూసేస్తుంది. ఆపైన "మా సేవ మీకు నచ్చిందా? ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని అతన్నే అడుగుతుంది.

శుక్రవారం సాయంత్రం వివరాలు అడిగితే, శని ఆదివారాలు కలిసొచ్చి సోమవారం సాయంత్రానికల్లా సమస్య తీరిపోతుందని కనిపెట్టిన మహానుభావుడు మా టీములోనే ఉన్నాడు. వినయం అడ్డొస్తోంది కాబట్టి అతనెవరో చెప్పను.

ఇంత గొప్ప పద్ధతిని ఆఫీసుకే పరిమితం చేయడం అన్యాయం కాదూ?

నేను ఇంటి నుంచి పని చేయడం మొదలుపెట్టాక నాకో సంగతి అర్థమైంది. ఇంట్లో మా అమ్మ, మా ఆవిడ, మా అమ్మాయి ఉన్నారు. ముగ్గురికీ ఒకటే దురలవాటు. నాతో ఏదైనా చెప్పాలనుకుంటే తలుపు తీసుకుని లోపలికొచ్చి చెబుతారు. నోటితో!

ఒకరోజు మీటింగు మధ్యలో మా అమ్మ వచ్చి నా వెనక నిలబడి, "ఒరేయ్, ఈ సీసా మూత రావట్లేదు, కాస్త చూడు" అంది. మీటింగులో ఉన్నవాళ్ళంతా మా ఇంటి సీసాని కళ్ళారా చూశారు. మా మేనేజరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. "ముందు మూత తీసివ్వండి సార్, మన పని ఎక్కడికీ పోదులెండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మూత మాత్రం రాలేదు.

ఆ ఆదివారమే మా అమ్మాయిని కూర్చోబెట్టి, ఇంటి కోసం ఒక టికెట్టు పేజీ తయారు చేయించాను. పదిహేడేళ్ళ పిల్ల, స్కూలు చదువు ఈ ఏడాదితో అయిపోతుంది. ఇలాంటి పనులు ఆడుతూ పాడుతూ చేస్తుంది. నానమ్మకి టైపు చేయడం రాదు కాబట్టి, నోటితో చెబితే రాసుకునే ఏర్పాటు కూడా నేనడక్కుండానే పెట్టింది. మూడు రోజుల రూలు ఒక్కటే దానికి మింగుడు పడలేదు.

"సమస్య అలాగే ఉంటే? మూసేస్తే ఎలా నాన్నా?"

"ఉంటే మళ్ళీ రాస్తారు. రాయలేదంటే లేనట్టేగా."

"విసుగొచ్చి రాయకపోతే?"

"దాన్నే పరిష్కారం అంటారు. నువ్వు పెట్టు."

పెట్టింది. పెద్దవాళ్ళ మాట కాదనే పిల్ల కాదు. స్కూలయ్యాక ఏ కోర్సులో చేరాలో అది తేల్చుకోవలసిన ఏడాది ఇది. నా లైనులోకే రావాలని నాకు మహా కోరిక. కానీ పైకి అనలేదు. నా పనితనం కళ్ళారా చూసి తనే ముచ్చటపడి వస్తుందని ఊరుకున్నాను.

ఇక ఫలితాలు చూడండి.

మొదటి టికెట్టు మా ఆవిడది. "వంటింట్లో కుళాయి కారుతోంది." నేను వెంటనే స్పందించాను. "ఎప్పటి నుంచి? ధారగానా, చుక్కలుగానా? మరో కుళాయి వాడి చూశారా?" ఆవిడ వివరాలు పంపలేదు, ప్లంబరుని పిలిపించింది. మూడో రోజుకి పరిష్కారం! ఒక్క స్టారు ఇచ్చింది. కస్టమర్లు ఒక్కోసారి ఆవేశంలో అలా ఇస్తుంటారు, మనసుకి పట్టించుకోకూడదు.

రెండోది మా అమ్మది. "మోకాలు నొప్పిరా, రెండ్రోజులుగా నిలబడలేకపోతున్నాను." ఇలాంటివాటికి నా దగ్గర జవాబు ముందే రాసి ఉంటుంది. "సమస్య స్పష్టంగా కనబడేలా ఫోటో జతపరచగలరు." మర్నాడు మా ఆవిడ అత్తగారిని ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్ళి, ఎక్స్‌రే తీయించి, మందులు రాయించుకుని వచ్చి, ఆ ఎక్స్‌రే ఫోటో జతపరిచింది. చూశారా? నేను కుర్చీలోంచి లేవకుండానే మా అమ్మకి వైద్యం జరిగిపోయింది!

ఇంకోసారి మా ఆవిడ "మీతో ఒక మాట చెప్పాలి" అని రాసింది. అంతే, ఇంకేం లేదు. పద్ధతి ప్రకారం "ప్రాధాన్యం తెలుపగలరు: అత్యవసరం, సాధారణం, వీలున్నప్పుడు" అని అడిగాను. "వీలున్నప్పుడు" అని పెట్టింది. నాకు వీలవలేదు. మూడో రోజు మూతపడింది. ఆ మాట ఏమిటో నాకిప్పటికీ తెలీదు. తెలియకపోవడంలో ఎంత సుఖముందో పెళ్ళైన మగవాళ్ళకి నేను వేరే చెప్పాలా?

నెలాఖరున భోజనాల దగ్గర రిపోర్టు చదివాను. "ఈ నెల వచ్చినవి ముప్పై ఎనిమిది. పరిష్కరించినవి ముప్పై ఎనిమిది. పెండింగు లేవు."

మా అమ్మ కంచంలోంచి తలెత్తి, "వీడు ఎవరితో మాట్లాడుతున్నాడే?" అని కోడల్ని అడిగింది.

"ఏమో అత్తయ్యా. మనతో కాదులెండి" అంది మా ఆవిడ.

రెండో నెలకి టికెట్లు ఇరవైకి పడిపోయాయి. మూడో నెలకి ఆరు. సమస్యలు ఇంత వేగంగా తగ్గిపోయిన సంసారం ఇంకొకటి ఉంటే చూపించండి, నేను ఉద్యోగం మానేస్తాను!

ఈ మాట ఊరికే అన్నాను. ఎవరూ పట్టుకోకండి.

నాలుగో నెల చివర్లో, మొన్న శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి, రిపోర్టు కోసం పేజీ తెరిచాను. నెల మొత్తం మీద వచ్చింది ఒకే ఒక్క టికెట్టు. సోమవారం నాటిది, మా అమ్మాయి పెట్టింది.

"నాన్నా, నీ ఉద్యోగం నీకు ఇష్టమేనా? శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు స్కూల్లో ఫారం ఇవ్వాలి, ఏ కోర్సో అందులో రాయాలి. నువ్వు చెప్పేదాన్ని బట్టి రాద్దామనుకుంటున్నా. అందుకే అడుగుతున్నా."

కింద నా జవాబు ఉంది. నేను చదవకుండానే పంపిన జవాబు. "మీ అభ్యర్థన అందినది. మరిన్ని వివరాలు తెలుపగలరు. ఈ సమస్య మీ ఒక్కరికేనా, ఇతరులకూ ఉన్నదా?"

దానికింద ఏమీ లేదు. గురువారం పొద్దున్న ముద్ర పడింది. పరిష్కరించబడినది. ఎన్ని స్టార్లని సిస్టం అడిగితే పిల్ల అయిదూ ఇచ్చింది. పక్కన ఒక మాట కూడా రాసింది. "బిజీగా ఉన్నట్టున్నావు. పర్లేదు నాన్నా."

మా ఆవిడ ఒక్క స్టారు ఇచ్చినప్పుడు నాకు చీమ కుట్టినట్టయినా లేదు. ఈ అయిదూ చూశాక మాత్రం కుర్చీలో కూర్చోలేకపోయాను.

లేచి దాని గదికి వెళ్ళాను. మూడింటికి నాకు నెలవారీ మీటింగు ఉంది. టీములో ఎవరెవరు ఎన్ని మూశారో మా మేనేజరు అందరి ముందూ స్క్రీన్ మీద వేసి చూపించే మీటింగది. జ్వరమొచ్చినా దాన్ని ఎగ్గొట్టినవాణ్ణి కాను.

పరీక్షలకి చదువుకోమని స్కూల్లో సెలవులిచ్చారు, పిల్ల మంచం మీద కూర్చుని బ్యాగు సర్దుకుంటోంది. ఫారం పక్కనే ఉంది.

"రాసేశావా?" అన్నాను.

"రాసేశా నాన్నా. ఇచ్చేసి రావడమే."

"ఏం రాశావు?"

"కంప్యూటర్సే."

నా ఛాతీ అంగుళం పెరగాల్సిన ఘడియ అది. పెరగలేదు. "నేను జవాబు చెప్పనేలేదుగా" అన్నాను.

"చెప్పకపోతేనేం, తెలుస్తోందిగా. పొద్దున్న ఎనిమిదింటికి గదిలోకి వెళ్తే మళ్ళీ భోజనానికే వస్తావు. అదీ ఫోన్ చూసుకుంటూ తింటావు. నానమ్మ పుట్టినరోజు నాడు కూడా పది నిమిషాలు కూర్చుని వెళ్ళిపోయావు. అంత ఇష్టం లేకపోతే ఎవరైనా అలా ఉంటారా? అంత ఇష్టమైన పని నాకూ ఒకటుంటే బావుంటుంది అనిపించింది."

అందులో వెటకారం ఉందేమోనని వెతికాను. ఉంటే ఎంత బాగుండేదో. లేదు. ఆ పిల్ల నిజంగానే అలా అనుకుంది.

పాఠకులారా, తలూపి వచ్చేస్తే సరిపోయేది. నా కోరిక తీరేది, మూడింటి మీటింగు దక్కేది, ఈ వ్యాసం కూడా మొదలుపెట్టిన దారిలోనే దర్జాగా ముగిసేది. కానీ ఎదురుగా కూర్చున్నది కస్టమరు కాదు.

"ఇష్టం కాదు తల్లీ" అన్నాను. "భయం."

పిల్ల బ్యాగు సర్దడం ఆపింది. "దేనికి భయం?"

"తీసేస్తారని. మా టీములో పదకొండు మంది ఉండేవాళ్ళం. ఇప్పుడు నలుగురం. మేం చెప్పే జవాబులు ఇప్పుడు మెషినే చెబుతోంది. నాకంటే మర్యాదగా చెబుతోంది. నేను కుర్చీలోంచి లేస్తే, వీడు లేకపోయినా పని జరుగుతోందే అని ఎవరైనా కనిపెట్టేస్తారేమోనని లేవట్లేదు."

ఇంత పొడుగు మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. మా ఆవిడకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"మొదటి నుంచీ ఇంతేనా?" అంది పిల్ల.

మొదటి నుంచీ ఇంతే కాదు. దాని పక్కన కూర్చుని చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రికి టోకెన్ల ప్రోగ్రాం రాశాను. అంతకుముందు అక్కడ జనం పొద్దున్నుంచీ వరసలో నిలబడేవాళ్ళు. మొదలైన రోజు ఎలా నడుస్తోందో చూద్దామని వెళ్ళాను. ఒక పెద్దావిడ టోకెను చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చుని, హాయిగా కునుకు తీస్తోంది. నంబరు పిలిచినప్పుడు నేనే తట్టి లేపాను. ఆవిడకి నేనెవరో తెలీదు. వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

చెబుతుండగా నా గదిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. మూడయింది. ఆగింది. మళ్ళీ మోగింది. నా కాలు దానంతటదే లేవబోయింది, చేత్తో పట్టుకుని ఆపాను.

"ఆ టోకెన్ల పని నాకు కావాలి నాన్నా" అంది పిల్ల. "తరవాతది వద్దు. అలా కుదురుతుందా?"

పదిహేనేళ్ళుగా నన్ను ఎవరు ఏమడిగినా ఏదో ఒక జవాబు పంపించాను. తెలిసినా పంపించాను, తెలియకపోయినా పంపించాను. ఈసారి ఉన్నమాటే చెప్పాను.

"తెలీదు తల్లీ" అన్నాను.

అది ఫారం వంక చూసింది, నా వంక చూసింది. రాసింది కొట్టేయలేదు. "నీకే తెలీదంటే నాకు తెలీకపోవడం తప్పేమీ కాదులే. చేరి చూస్తేనే తెలుస్తుంది" అని, ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఇంతసేపూ మీకు గొప్ప పద్ధతని చెప్పుకొచ్చింది ఏమిటో ఇప్పుడు నాకూ తెలిసింది. ఆఫీసులో నన్ను మూసేయకుండా ఉండాలని ఇంట్లో అందరినీ మూసేశాను. నా తెలివికి నాకే సిగ్గేసింది.

లేచి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలీదు. చేతిలో మడతపెట్టిన బట్టలు అలాగే ఉన్నాయి. నా గదిలో ఫోను మూడోసారి మోగుతోంది.

"పనంటే మీకు ప్రాణం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎందుకు కదిలించడమని తలుపు కూడా కొట్టలేదు" అంది. "భయమని తెలిస్తే రోజూ వచ్చి పక్కన కూర్చునేదాన్ని కదండీ."